మూడో బోగదా పని పుస్తకం

రోజు 1

పాత రైలు దారుల అజమాయిషీ చూసే మండలివాళ్ళు పని రాసుకోవడానికి ఒక పలక ఇచ్చారు. మనం మాట్లాడితే చాలు, అదే రాసుకుంటుందట. పొద్దున "మొరం మోసీ మోసీ నడుములు పడిపోయినాయి" అని చెప్తే, "కార్మికులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని రాసుకుంది. దానికీ నాకూ పొసగదు. మండలి కోసం దానికి చెప్పేది చెప్తాను. నా కోసం మాత్రం పుల్లయ్య మామ దగ్గర పాత రైల్వే పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. తేదీ, కిలోమీటరు, పని, మనుషులు, విశేషం అని గళ్ళు కొట్టి ఉన్నాయి. విశేషం గడి అగ్గిపెట్టంత ఉంది. నేను పక్క గళ్ళలోకి కూడా పోతాను, ఎవరూ అడ్డం రారు కదా.

పేరు దస్తగిరమ్మ. ఊరు సున్నపుకొట్టాల. వయసు యాభై నాలుగు. తాపీ మేస్త్రిని. మా నాయన దగ్గర నేర్చుకున్నాను.

ఈరోజు పని: స్టేషన్ నుంచి మూడు వందల మీటర్ల దాకా కంకర మీద మొరం పరిచి చదును చేశాం. మనుషులు ఆరుగురు. సరుకంతా గాలి ఓడల్లోకి మారాక, పన్నెండేళ్ళ కిందట రైలు పట్టాలు పీక్కుపోయారు. కంకర, కట్ట, బోగదా మిగిలాయి. స్టేషన్ నుంచి బోగదా నాలుగు కిలోమీటర్లు. బోగదా పొడవు పదకొండు వందల నలభై మీటర్లు. కాగితాల్లో సొరంగం నంబరు మూడు అని ఉంటుంది గానీ, కొండను తొలిచి రైలు పోనిచ్చిన ఆ దారిని మా తాతల నుంచీ బోగదా అనే అంటాం.

తొంభయ్యో రోజున మండలి తనిఖీ. అప్పటికి ఇది మనుషులు నడిచే బాటగా పనికొస్తుందని తేలితే ఊరిది అవుతుంది. లేకపోతే లెక్కయంత్రాల గోదాముకి అద్దెకు పోతుంది. వాళ్ళ యంత్రాలకి చల్లని చోటు కావాలట. ఇనుప తలుపు పెట్టి తాళం వేసుకుంటారు. చల్లని చోటు మాకూ కావాలి.

తొమ్మిదింటికి ఎండ కూత కూసింది. ఇక సాయంత్రం ఆరు దాకా బయట ఎవరూ ఉండకూడదు. పారలు సర్దుకుని ఇళ్ళలోకి పోయాం.

రోజు 4

బోగదా లోపల గబ్బిలాల పెంట ఎత్తిపోశాం. బయట ముప్పై తొమ్మిది డిగ్రీలు, లోపల ఇరవై అయిదు. చలికాలం మొదట్లోనే ఈ తేడా. వైశాఖంలో ఎంత ఉంటుందో చూడాలి.

ఎండ కూత లోపలికి వినపడలేదు. పదకొండయింది. బయటికి పోతే తప్పు, లోపలుంటే ఎవరడుగుతారు? అక్కడే కూర్చుని అన్నం తిన్నాం. తిన్నాక, నాతో సున్నం కలిపే ఈరమ్మ కొంగు బిగించుకుని నిలబడింది.

"వదినా, ఉరికేదా?"

"ఎవురు తరుముతాండారే నిన్ను?"

"ఎవురూ తరమరు. పట్టపగులు ఉరికి ముప్పై ఏండ్లయ్యింది. కాళ్ళుండాయో లేదో సూసుకుంటా."

ఉరికింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు మనవరాళ్ళున్న మనిషి, చెప్పులు చేత పట్టుకుని అవతలి వెలుతురు దాకా ఉరికింది. తిరిగి వచ్చేసరికి ఆయాసంతో మాట రాలేదు. గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉంది. నాకూ నవ్వాగలేదు.

రోజు 9

పలక అడిగింది: "ఈ పనిలో చేరడానికి మీ ప్రేరణ ఏమిటి?" దానికి "ఊరి బాగు" అని చెప్పి ఊరుకున్నాను. అసలు సంగతి ఇక్కడ రాస్తాను.

పోయిన వైశాఖంలో మూడు రోజులు కరెంటు పోయింది. ఇంటికొక చల్లగది ఇచ్చారు గానీ, కరెంటు లేకపోతే అది పొయ్యి మీది గిన్నె. మా ఆయన మౌలాలికి రెండో రోజు మధ్యాహ్నం నుంచి మాట తడబడింది. గదిలో మిగిలిన చల్లదనం బయటికి పోకూడదని నేనే తలుపు బిగించి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, నీళ్ళ బండి దగ్గరికి పోయాను. తిరిగి వచ్చి తలుపు తీస్తే లోపల బయటికన్నా వేడిగా ఉంది. ఆయన లేడు.

ఆ మూడు రోజుల్లో మా ఊళ్ళో పదకొండు మంది పోయారు. నాలుగు కిలోమీటర్ల దూరంలో కొండ కింద ఇంత చల్లని చోటు ఉందని ఎవరికీ తోచలేదు. నాకు తోచలేదు. ఇకమీదట అలా జరగనివ్వను. అంతే.

రోజు 13

పుల్లయ్య మామ కంటి ఆపరేషన్ కోసం నంద్యాల పోయాడు. నెల పైన పడుతుంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ఈ లైను మీద చివరి కీమన్ ఆయనే. కీమన్ అంటే సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టా వెంట నడిచి, వదులైన చోటల్లా కొట్టి బిగించేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నడిచాడు. పట్టాలు పోయాక కూడా ఆ సుత్తి పట్టుకుని వారానికొకసారి బోగదా దాకా పోయి, గోడల మీద టకటకా కొట్టి వచ్చేవాడు. ఊళ్ళో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. నేనూ చేశాను.

రోజు 19

మండలి పంపిన నిబంధనల్లో ఏడోది: దారి పొడిగా ఉండాలి, సందర్శకులపై నీరు పడరాదు, గోడలు నునుపుగా ఉండాలి.

బోగదా ఎడమ గోడకి రెండు వరసల్లో కన్నాలున్నాయి. పిడికిలి పట్టేంత. వాటిలోంచి నీళ్ళు కారి, గోడంతా పాచి పట్టి, కింద బురదయింది. మొత్తం అరవై నాలుగు. ఒక్కో కన్నంలో గులకరాళ్ళు కొట్టి, పైన సిమెంటు పెట్టి, ఆ పైన సున్నం పూస్తే సరిపోతుంది. సున్నం అంటే సంచీలో వచ్చేది కాదు. గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపిన సున్నం. మా నాయన పూసిన గోడలో మొహం చూసుకుని తల దువ్వుకునేవాళ్ళు. నేనూ అలా పూయగలనని ఈ ఊరికి చూపించాలి.

రోజు 36

పూత అయిపోయింది. చెయ్యి పెట్టి రాస్తే పాలరాయి. చుక్క నీళ్ళు లేవు. రైలు వచ్చినప్పుడు పనివాళ్ళు పక్కకి తప్పుకోవడానికి గోడలో గూళ్ళు కట్టారు పూర్వం. వాటిల్లో నాపరాళ్ళు వేసి కూర్చునేలా చేశాం. ఒక గూటిలో ఈరమ్మ నేల మీద పులిజూదం గళ్ళు చెక్కింది. చెక్కడమే ఆలస్యం, నన్ను మూడాటలు ఓడించింది.

మండలి నుంచి సంహిత మేడమ్ ఫోను చేసింది. తనిఖీకి వచ్చేది ఆమే. చిన్న వయసు, మర్యాదగా మాట్లాడుతుంది.

"దస్తగిరమ్మగారూ, ఫోటోలు చూశాను. నమ్మలేకపోతున్నాను. ఎనిమిది జిల్లాల్లో ఇంత నీటుగా ఎవరూ చేయలేదు."

ఆ మాటకి నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

రోజు 42

తుపాను. నాలుగు రోజులుగా ఎడతెగని వాన. కొండ మీది నుంచి వాగులు దిగుతున్నాయి. గొడుగేసుకుని బోగదా దాకా పోయి చూశాను. లోపల పొడి పొడి. ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాను. గొప్పలే. ఒప్పుకుంటున్నాను.

రోజు 47

పుల్లయ్య మామ వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని, సుత్తి భుజాన వేసుకుని నేరుగా బోగదాకి వచ్చాడు. నేను వెనకే నడిచాను, పొగుడుతాడని.

"ఏమ్మే దస్తగిరీ, కన్నాలు యాడ పోయినాయి?"

"మూసేసినా మామా. సుక్క నీళ్ళు పడ్తాండాయేమో సూడు."

"ఎవుర్నడిగి మూసినావు?"

"నిన్ను అడగాలంటే నువ్వు కండ్లకు గుడ్డ కట్టుకోని నంద్యాలలో పండుకోనుంటివి."

"కండ్లకు కట్టినారు గానీ నోటికి కట్టల్యా కదా. ఫోను చేసుంటే చెప్పకపోదునా?"

ఆయన గోడ మీద సుత్తితో కొట్టాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. ఆరు వందల ఇరవయ్యో మీటరు దగ్గర ఆగి నన్ను పిలిచాడు.

"ఈడ ఇను. నోట్లో ముద్ద పెట్టుకోని మాట్లాడినట్ల పలుకుతాంది. ముందర ఖంగుమనేది."

"పూత కొత్తది మామా. ఇంకా ఆరల్యా."

"పూత కాదుమ్మే. కొండ మీద నాలుగు దినాలు వాన పడె. ఆ నీళ్ళు యాడికి పోతాయి? ఈ గోడెనకల నిలబడుకోనుండాయి. ఆ కన్నాలు కట్టినోడు పిచ్చోడనుకుంటివా?"

నాకు కోపం వచ్చింది. నలభై ఏళ్ళుగా తాపీ పట్టుకుంటున్నాను, నాకు గోడ గురించి చెప్తాడా అనిపించింది. తాపీ తీసుకుని వచ్చేశాను.

రోజు 48

ఆరు వందల ఇరవై దగ్గర వెంట్రుకంత పగులు. పూత పగులే అనుకుంటున్నాను.

మామ ఒక కిటికీ అద్దం తెచ్చి వేలెడు వెడల్పున ముక్కలు కోశాడు. ఒక ముక్కని పగులుకు అడ్డంగా, రెండు కొసలా సిమెంటుతో అతికించాడు. రైల్వేవాళ్ళ పద్ధతట. గోడ కదలకపోతే అద్దం అలాగే ఉంటుంది. కదిలితే పగులుతుంది. "నాకూ నీకూ తగవు ల్యాకుండా ఇదే చెప్తాది" అన్నాడు.

రోజు 55

అద్దం పగల్లేదు. ఏడు రోజులయింది. "ఏం మామా?" అన్నాను. "తొందరెందుకు?" అన్నాడు.

బాట మీద చెట్లకు గుంతలు తీశాం. వేప, కానుగ. పాత ప్లాట్‌ఫారం మీద ముసలివాళ్ళు తెల్లవారగానే వచ్చి కూర్చుంటున్నారు. పని చేసేవాళ్ళకి సలహాలు చెప్పడమే వాళ్ళ పని.

రోజు 61

అద్దం పగిలింది.

రెండు ముక్కలు. మధ్యలో గోరు దూరేంత సందు. చాలాసేపు దాని ముందే నిలబడ్డాను. ఈరమ్మ వచ్చి చూసింది.

"ఇంగ ఇరవై తొమ్మిది దినాలే కదా వదినా. తనికీ అయిపోనీ. బాట మనదని కాయితం చేతికొచ్చినాంక నిమ్మళంగా కన్నాలు తెరుసుకుందాం. ఇప్పుడు తెరిస్తే లోపలంతా సెరువైతాది. గోదామోళ్ళు రేపే తాళమేస్తారు."

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ కనిపించలేదు. నేను అద్దం ముక్కలు ఊడదీసి సంచీలో పెట్టుకుని, పగులు మీద సున్నం పూశాను. మామకి చెప్పలేదు. పలకకి చెప్పలేదు. చేసింది తప్పని తెలిసే చేశాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రోజు 66

మామ కనిపెట్టాడు. సుత్తితో కొడుతూ వచ్చి, తడి సున్నం తగిలి ఆగాడు. తిడతాడనుకున్నాను. ఆ చోటునే ఇంకో అద్దం ముక్క అతికించి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రోజు 70

ఆ అద్దం నాలుగు రోజులకే పగిలింది. గుండు కట్టిన దారం పైనుంచి వదిలి చూశాను. గోడ మధ్యలో రెండు వేళ్ళ మందం ముందుకి వచ్చింది. కడుపు వచ్చినట్టు.

తనిఖీ దాకా ఆగుతుందా? ఆగవచ్చు. ఆ తర్వాత ఊరు ఊరంతా లోపల ఉన్నప్పుడు కూలితే? రాత్రంతా ఇదే ఆలోచన. మౌలాలి గది తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కిన చేతులే ఈ కన్నాల్లో రాళ్ళు కొట్టాయి. రెండుసార్లూ మంచికే మూశాననుకున్నాను. మూడోసారి ఆ మాట అనుకోదలచుకోలేదు.

రోజు 71

తెల్లవారి అయిదున్నరకి ప్లాట్‌ఫారం మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. కన్నాలు మూసింది నేనని, మూయకూడదని, గోడ కదులుతోందని, పగులు కప్పింది కూడా నేనేనని.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఈరమ్మ లేచింది.

"అంత కష్టపడి చేసిండేది నీ చేతులార చెడగొడతావా? ఎండాకాలమొస్తే యాడికి పోదాం? గోదాము తలుపు ముందర కూర్చుందామా?"

"గోడ మీద పడితే యాడికి పోతావే? నీ మనవరాండ్లను ఆడ ఆడిపిస్తావా, చెప్పు."

ఆమె ముఖం తిప్పుకుంది. మామ సుత్తి పట్టుకుని లేచాడు. "తెరవాల్సిందే. అయితే అన్నీ ఒకేసారి కాదు. గోడ బెదురుతాది. చివర్ల నుంచి మధ్యకు రావల్ల, దినానికి ఆరు" అని మెట్లు దిగి నడిచాడు.

ఆయన వెనక నేను. నా వెనక ముగ్గురు. బోగదా మొదట్లోకి వచ్చి తిరిగి చూస్తే చివర్న ఈరమ్మ కూడా వస్తోంది. ఉలి తెచ్చుకుంది. నాతో మాట్లాడలేదు గానీ ఉలి పదునుది తెచ్చుకుంది.

రోజు 76

ఇరవై తొమ్మిది కన్నాలు తెరిచాం. పాలరాయిలా పూసిన గోడను నా చేత్తోనే పొడుస్తున్నాను. నేటి మూడో కన్నంలో రాయి కదలగానే బిరడా ఎగిరినట్టు ఎగిరి నా భుజానికి తగిలింది. వెనకే పిడికిలి మందాన నీళ్ళు. పదడుగుల దూరం చిమ్మాయి. మామ కట్టు కట్టించి ఇంటికి పొమ్మన్నాడు. పోలేదు.

రోజు 82

అరవై నాలుగూ తెరిచాం. నీళ్ళు ఏరులా పోతున్నాయి. ఎడమ గోడ పొడవునా కాలువ తవ్వుతున్నాం. తవ్విన దానికన్నా వచ్చే నీళ్ళే ఎక్కువ. దారి మీద చీలమండ లోతు.

కడుపు వచ్చిన చోట మూడు రాతి దిమ్మెలు ఆసరాగా కట్టడం మొదలుపెట్టాం. రాయి పాత ప్లాట్‌ఫారం చివరి నుంచి పీకాం. మామ కొత్త అద్దం పెట్టాడు.

రోజు 89

దిమ్మెలు మూడూ పూర్తయ్యాయి. అద్దానికి ఏడు రోజులు. పగల్లేదు. దారంతో చూశాను, గోడ అదనంగా ఒక్క దారం మందం కూడా రాలేదు. నీళ్ళు మాత్రం తగ్గలేదు. కాలువ పొంగి దారి మీదికి వస్తోంది. రేపే తనిఖీ.

రోజు 90

సంహిత మేడమ్ పొద్దున ఆరింటికే వచ్చింది. గోదాము మనిషి కూడా వచ్చాడు, చేతిలో గాలి తేమ కొలిచే పెట్టెతో. బోగదా మొదట్లోనే మేడమ్ బూట్లు తడిసిపోయాయి.

"దస్తగిరమ్మగారూ, ఫోటోల్లో ఇలా లేదు కదా?"

"లేదమ్మా. అప్పుడు అబద్ధం ఉండె. ఇప్పుడు నిజం ఉండాది."

అన్నీ చూపించాను. కన్నాలు, పగులు, దిమ్మెలు, పగిలిన రెండు అద్దాలు, పగలని ఒక అద్దం. నేను పూసి దాచిన సంగతీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా విన్నది. చివరికి, "నీళ్ళు తగ్గుతాయా?" అని అడిగింది.

"ఎండలు ముదిరేలోపు కాలవలోకి దిగుతాయి మేడమ్" అన్నాడు మామ. "ముప్పై ఒక్క ఏండ్లు సూసినా. మాఘంలో ఇట్లనే ఉంటాది, చైత్రానికి సన్నగైతాది."

"నేను ఈరోజు చూసిందే రాయాలి తాతా. చైత్రం రాయడానికి గడి లేదు."

గోదాము మనిషి పెట్టె చూసుకుని తల అడ్డంగా ఊపాడు. తొంభై నాలుగు శాతం తేమ. వాళ్ళ యంత్రాలు వారం కూడా బతకవట. బూట్లు విప్పి నీళ్ళు వంపుకుని వెళ్ళిపోయాడు. ఈరమ్మ నా మోచేయి గిల్లింది, ఇరవై రోజుల తర్వాత నవ్వుతూ.

కానీ మేడమ్ నవ్వలేదు. దారి పొడిగా లేదు కాబట్టి బాట కింద రాయకూడదు. గోదాము వద్దంది కాబట్టి అద్దె కింద రాయకూడదు. మిగిలిన గడి ఒక్కటే. "నిరుపయోగం, ప్రమాదకరం" అని రాసింది. రాసేటప్పుడు నా వైపు చూడలేదు.

రోజు 97

ఉత్తర్వు వచ్చింది. నిరుపయోగమైన సొరంగం నంబరు మూడు రెండు ముఖాలనూ పది అడుగుల ఎత్తు గోడతో మూసివేయవలెను. స్థానిక మేస్త్రి: దస్తగిరమ్మ.

రెండుసార్లు చదివాను. నా పేరు సరిగ్గానే రాశారు.

రోజు 99

రాళ్ళు తోలించారు. బోగదా ఊరి వైపు ముఖం దగ్గర కాలువకి దారి వదిలి పునాది తీసి మొదటి వరస పెట్టాను. రెండో వరస, మూడో వరస. ఈరమ్మ సున్నం అందిస్తూ ఏడుస్తోంది. నేను ఎందుకు కడుతున్నానో నాకే తెలియదు. బోగదా ముఖం ఇరవై అడుగుల వెడల్పు. అలవాటైన చేతులు కట్టుకుంటూ పోయాయి.

మామ నడిచి వచ్చి అలసిపోయి, చూసి చూసి, మూడో వరస మీద కూర్చున్నాడు. మోకాళ్ళకి సరిగ్గా సరిపోయింది. కాళ్ళు చాపుకుని, లోపలి నుంచి వచ్చే చల్లగాలి వీపుకి తగులుతుంటే, "అబ్బ" అన్నాడు.

"లెయ్ మామా. నాలుగో వరస పెట్టాల."

"నేను లెయ్యను. పెడితే నా మీద పెట్టు."

తాపీ కడిగి సంచీలో పెట్టాను. సంహిత మేడమ్‌కి ఫోను చేశాను.

"అమ్మా, గోడ మోకాలెత్తు కట్టినా. ఇంతకు మించి కట్టను. ఒకసారి తలుపు మూసి మా ఆయన్ని పోగొట్టుకున్నా. ఊరంతటి మీదా మూయమంటే నా చేత కాదు. వేరే మేస్త్రిని పంపుకుంటే పంపుకో. ఆ మేస్త్రి వచ్చినప్పుడు ఈ గోడ మీద మేము కూర్చోనుంటాం."

"నాకు రాతపూర్వకంగా ఏమీ పంపకండి" అని మేడమ్ ఫోను పెట్టేసింది. దానికి అర్థమేమిటని ఈరమ్మ అడిగింది. నాకు తెలియదన్నాను.

రేపటి నుంచి వంతులేసుకుని గోడ మీద కూర్చుంటాం.

రోజు 118

ఎవరూ రాలేదు. నీళ్ళు కాలువలోకి దిగాయి. దారి ఆరింది. అద్దం పగల్లేదు. మామ రోజూ కొడుతున్నాడు, గోడ ఖంగుమంటోంది. ఆ పక్కన నడుస్తూ నేనూ వినడం నేర్చుకుంటున్నాను.

రోజు 131

బయట నలభై తొమ్మిది. పదకొండింటికి కరెంటు పోయింది. గంట చూశాం. రాలేదు. ఎండ కూత ఉన్నా లెక్కచేయలేదు. తడి దుప్పట్లు కప్పి, ముసలివాళ్ళని తోపుడు బండ్ల మీద ఎక్కించి, మొరం పరిచిన బాట మీదుగా తోసుకొచ్చాం. కంకరే అయితే బండ్లు కదిలేవి కావు. మోకాలెత్తు గోడ దగ్గర బండ్లు ఆపి, ముసలివాళ్ళని చేతుల మీద దాటించాం. నాలుగు గంటలకల్లా ఊరంతా లోపలుంది. మూడు వందల పన్నెండు మంది. లోపల ఇరవై ఏడు డిగ్రీలు. గూటికొక కుటుంబం. ఎవరూ కడుపు వచ్చిన గోడ దగ్గర కూర్చోకుండా మామ కాపలా.

రోజు 133

కరెంటు ఇంకా లేదు. కన్నాల నీళ్ళే తాగుతున్నాం, కాచి. పిల్లలు ఈ చివరి నుంచి ఆ చివరికి పందేలు వేస్తున్నారు. ముసలివాళ్ళు గోల అంటున్నారు. ఈరమ్మ పులిజూదంలో ఊరంతటినీ ఓడించి కూర్చుంది. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే బోగదా ముఖం దగ్గరికి వచ్చి ఎండలోకి చూశాను. మౌలాలి ఉండి ఉంటే అనుకున్నాను. ఏడ్చాను. తర్వాత లోపలికి పోయి గంజి కాచాను.

రోజు 134

పొద్దున ఏడింటికి కరెంటు వచ్చిందని కబురొచ్చింది. ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి బయటికి పంపాను. మూడు వందల పన్నెండు పేర్లూ పలికాయి. ఎవరూ చనిపోలేదు. మళ్ళీ రాస్తున్నాను: ఎవరూ చనిపోలేదు.

తొమ్మిదింటికి సంహిత మేడమ్ ఫోను చేసింది. ఆమెని పైవాళ్ళు అడిగారట.

"దస్తగిరమ్మగారూ, ఈసారి రాసి పంపండి. గోడ పని ఏ దశలో ఉందో, ఎత్తు ఎంతో."

ఈ పుస్తకంలోంచే ఒక కాగితం చింపి రాసి పంపుతున్నాను. దాని నకలు ఇది.

సొరంగం నంబరు మూడు, ఊరి వైపు ముఖం. గోడ పని పూర్తయింది. ఎత్తు: మనిషి కూర్చునేంత. మూడు వందల పన్నెండు మంది కూర్చుని చూశారు. అవతలి ముఖానికి కూడా ఇంతే ఎత్తున కడతాను, రాళ్ళు పంపగలరు. ఇట్లు, దస్తగిరమ్మ, మేస్త్రి.